రెండో సీసా

గిడ్డయ్య కోసిన మైనపు పొర దగ్గర గట్టిగా ఊపిరి వదలకూడదు. వదిలితే అది ఎగిరిపోయేది. వెంట్రుక మందంలో పదో వంతు ఉండేదేమో. అలాంటి పొరలు రోజుకు ముప్పై నలభై కోసేవాడు, కర్నూలులో ఒక ధర్మాసుపత్రిలో. ఆ ఆసుపత్రి పేరు ఇక్కడ అక్కరలేదు. ఆ పనిలో ఆయనకు చదువు సాయం చేయలేదు. నాలుగో తరగతిలోనే అది ఆగిపోయింది. సాయం చేసింది మంగలికత్తి.

ఆయనది ఆలూరు పక్కన ఒక పల్లె. తండ్రి కత్తుల పొది చంకన పెట్టుకుని వాకిలి వాకిలికీ తిరిగి గడ్డాలు గీసేవాడు. గంజి కేంద్రాలు పెట్టిన కరువు ఏడాది గడ్డం గీయించుకుని గింజలు పోసేవాళ్లు లేకపోయారు. గిడ్డయ్య భార్య భీమక్కను వెంటబెట్టుకుని కర్నూలు వచ్చి, ఆపరేషనుకు ముందు రోగుల ఒళ్లు గొరిగే పనిలో కుదిరాడు. భీమక్క ఆసుపత్రి వెనక వీధిలో ఒక అరుగుల ఇంట్లో జొన్నలు విసిరేది. పిల్లలు లేరు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఊరంతా గుడారాలు, గుడారాల్లో ఆఫీసులు. ఆ సందడిలోనే డాక్టర్ ఓబుళరెడ్డి ఆ ఆసుపత్రికి వచ్చాడు. కడప జిల్లాలో పెద్ద సేద్యం ఉన్న ఇంటివాడు. మద్రాసులో, తర్వాత ఇంగ్లండులో చదివాడు. రాచపుండుకు, అంటే క్యాన్సరుకు, మందు కనుక్కోవాలన్నది ఆయన పట్టుదల. మందుల గోదాము ఒకటి ఖాళీ చేయించి అందులో మైక్రోస్కోపు, మైనం కోసే యంత్రం, ఎలుకల పెట్టెలు పెట్టించాడు.

రోగి ఒంటి నుంచి తీసిన ముక్కను మైనంలో గడ్డకట్టించి, పలచని పొరలుగా కోసి, గాజుపలక మీద పరిచి, రంగు పూసి చూస్తేగాని అది మామూలు పుండో రాచపుండో తేలదు. యంత్రానికి ఉన్న పెద్ద కత్తి పొరలను కోయకుండా చీల్చేస్తోంది. వారం రోజులు తంటాలు పడి డాక్టరు ఒక పొద్దున కత్తిని బల్ల మీద పారేశాడు. రోగిని గొరగడానికి పిలుపు కోసం గుమ్మంలో నిలబడి ఉన్న గిడ్డయ్య లోపలికి వచ్చి, దాన్ని తీసుకుని గోటి మీద ఆనించి చూశాడు.

“దీన్ని రాతి మీద రుద్ది వదిలేసినారు సార్. తోలు మీద తిప్పలేదు. అందుకే పండ్లు ఉండాయి.”

“కత్తికి పండ్లేంటయ్యా?”

“కంటికి కనపడవు సార్. గోటికి తెలుస్తాయి.”

మర్నాటికి ఆ కత్తి పొరను ముక్క చెడకుండా దించింది. ఆ రోజు నుంచి గిడ్డయ్య రోగులను గొరగలేదు. గాజుపలకలు కడగడం, ఎలుకలను సాకడం, పొరలు కోయడం, రంగులు కలపడం అన్నీ ఆయనే. ఏడాది తిరిగేసరికి మైక్రోస్కోపులో చూసి ఏది మంచి కణమో ఏది చెడ్డ కణమో చెప్పగలిగాడు. డాక్టరు ఊరి పెద్దలను తీసుకొచ్చినప్పుడు, “మా గిడ్డయ్య కన్ను మద్రాసులో కూడా దొరకదు” అనేవాడు. ఆ మాట భీమక్కకు చెప్పుకుని మురిసేవాడు గిడ్డయ్య.

“నీ కన్ను అంత మంచిదైతే మొన్న సంతలో పుచ్చు వంకాయలు ఎట్లా తెచ్చినావు?” అనేది భీమక్క.

డాక్టరు చేస్తున్న పరిశోధన ఇది. గాజుపలకల మీది పొరలకు పూసే రంగుల్లో ఇయోసిన్ అని ఒక ఎర్ర రంగు ఉంది. రోగం పుట్టిన కణాలకు ఆ రంగు పట్టించి వెలుతురులో పెడితే కణాలు చస్తాయని, యాభై ఏళ్ల కిందట జర్మనీలో కొందరు రాశారు. పైపుండ్లకు పూసి కూడా చూశారు. తర్వాత రేడియం రావడంతో ఆ సంగతి మూలపడింది.

“రేడియం కొనే శక్తి మనకు లేదు గిడ్డయ్యా. ఎండ కావాలంటే చెప్పు, ప్రపంచానికంతా మనమే పంచిపెట్టవచ్చు” అనేవాడు ఓబుళరెడ్డి.

కొన్ని ఎలుకల కడుపులో రాచపుండు కణాలు పెంచేవారు. ఆ కడుపునీళ్లు రెండు చుక్కలు తీసి, రెండింటికీ రంగు కలిపి, ఒకటి ఎండలో, ఒకటి బీరువా చీకట్లో పెట్టేవారు. అరగంట తర్వాత గిడ్డయ్య మైక్రోస్కోపు ముందు కూర్చునేవాడు. చీకట్లో పెట్టిన కణాలు గుండ్రంగా, నిబ్బరంగా ఉండేవి. ఎండలో పెట్టిన వాటి మీద, పెనం మీది రొట్టె పొంగినట్టు బుడగలు లేచేవి. తర్వాత ఒక నీలం మందు చుక్క వేస్తే చచ్చిన కణాలు నీలం తాగేవి, బతికినవి తాగేవి కావు. నూటికి ఎన్ని నీలమయ్యాయో గిడ్డయ్య లెక్కబెట్టి చెప్పేవాడు, డాక్టరు రాసుకునేవాడు.

“జోడీ లేకుండా రుజువు లేదు” అని డాక్టరు మొదటి నుంచీ నేర్పాడు. ఎండలో పెట్టిన ప్రతి చుక్కకూ చీకట్లో ఒక జోడీ. రంగు పూసిన ప్రతి ఎలుకకూ రంగు పూయని జోడీ ఎలుక. జోడీ ఎలుకలు కంతులు పెరిగి చచ్చిపోయేవి. గిడ్డయ్య వాటిని పాతిపెట్టేవాడు. ఆ పని ఆయనకు బాగుండేది కాదు గాని, ఎందుకో తెలిసినందువల్ల చేసేవాడు.

1956 సంక్రాంతి వెళ్లిన వారానికి డాక్టరు ఒక మాట అడిగాడు. ఇయోసిన్ లాగే కనిపించే ఎర్రటి నీళ్లు కావాలి, కాని అందులో మందు ఏదీ ఉండకూడదు, ఒంటికి పడితే మంటపుట్టకూడదు.

“జోడీ ఎలుకలకా సార్?”

“అవును.”

“దానికేముంది సార్. పసుపులో సున్నం కలిపితే సరి. దిష్టినీళ్లు.”

డాక్టరు నవ్వి గిడ్డయ్య భుజం తట్టాడు. గిడ్డయ్య పెద్ద జాడీ నిండా కలిపి ఇచ్చాడు. రంగు ఇయోసిన్‌కు సరిగ్గా సరిపోయేదాకా మూడుసార్లు సున్నం తేట మార్చాడు. ఎలుకకు ఎర్రనీళ్లయితేనేం, ఉత్తనీళ్లయితేనేం అని ఒక్కసారి అనిపించిందట. పెద్ద చదువు చదివిన మనిషి, ఏదో ఉండి ఉంటుంది అనుకున్నాడట.

భీమక్క చిన్నప్పుడు పొయ్యి మీది సంగటి కుండ ఆమె ఎడమ కాలి మీద పడింది. ముంగాలి మీద జానెడు మేర తెల్లగా, నున్నగా మచ్చ మిగిలింది. ఆ మచ్చలో కిందటి వానల్లో ఒక చిన్న పుండు లేచింది. ఆకుపసరు పిండింది, వేపాకు నూరి కట్టింది. మానలేదు. రూపాయి బిళ్ళంత అయి, అంచులు మందంగా పైకి లేచాయి. రోజంతా రాచపుండ్ల మధ్య తిరిగే గిడ్డయ్య తన ఇంట్లోని పుండును ఐదు నెలలు పుండుగానే చూశాడు. కడకు ఫిబ్రవరిలో డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. డాక్టరు అంచు నుంచి మెంతిగింజంత ముక్క తీసి మైనంలో వేశాడు.

భార్య ఒంటి ముక్కను గిడ్డయ్యే కోశాడు. పొర పరిచి, రంగు పూసి, మైక్రోస్కోపులో పెట్టి చూశాడు. కణాలు వరసలు తప్పి లోపలికి చొచ్చుకుపోయి ఉన్నాయి. వాటి నడుమ అక్కడక్కడా గుండ్రంగా, ఉల్లిపాయ అడ్డంగా కోసినట్టు చుట్లు చుట్లుగా, ఎర్రగా మెరుస్తూ. వాటిని డాక్టర్లు ముత్యాలంటారు. అలాంటివి ఆయన ఎన్నో చూశాడు. ముత్యాలు కనపడితే ఆ పుండు దేనిదో ఎవరినీ అడగనక్కరలేదు.

నర్సు విశ్వాసమ్మ ఆయన ముఖం చూసి దగ్గరికి వచ్చింది. నంద్యాల వైపు మనిషి, ఆ ఆసుపత్రిలో పదిహేనేళ్లుగా ఉంది.

“అదేనా అన్నా?”

గిడ్డయ్య తల ఊపాడు.

“అయితే ఈడ ఉండొద్దు. మద్రాసుకు తీసుకపో. ఇంకా చిన్నగానే ఉండాది, కండ వరకు కోసి తీసేస్తారు, కాలు నిలుస్తాది. మా చెల్లెలు ఆడ పెద్దాసుపత్రిలోనే ఆయాగా ఉండాది. పండుకోను చోటిస్తాది.”

గిడ్డయ్య డాక్టరును అడిగాడు. డాక్టరు పలక చూశాడు. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని, అన్నదమ్ముడితో మాట్లాడినట్టు మాట్లాడాడు.

“మద్రాసులో కత్తి పెడతారు. కత్తి నీకు తెలుసు, నాకు తెలుసు. మన దగ్గర వెలుతురుంది. వచ్చే వారం నుంచి మనుషులకు మొదలుపెడుతున్నా. నీ కళ్ల ముందు ఎన్ని కణాలు చచ్చాయో నువ్వే లెక్కబెట్టావు. నీకంటే ఎక్కువ ఎవరు నమ్మాలి దీన్ని?”

గిడ్డయ్య నమ్మాడు. సాయంత్రం ఇంటికి వెళితే భీమక్క అడిగింది, “ఏమన్నారు? ఏం పుండంట?”

“ఉత్త మొండిపుండే. ఎండ వైద్యం చేస్తారంట” అన్నాడు.

వైద్యం మొదలైన రోజున ఆసుపత్రి తూర్పు వరండాలో పన్నెండు మంది కూర్చున్నారు. బల్ల మీద రెండు సీసాలు. వెలుతురు తగలకూడదని రెండింటికీ నల్లకాగితం చుట్టి ఉంది. రెండూ కార్బాలిక్ వాసన కొడుతున్నాయి. ఒకదాని మీద ఒకటి అని, ఇంకొకదాని మీద రెండు అని అంకెలు. డాక్టరు జాబితా చూసి ఏ అంకె చెబితే ఆ సీసాలోది విశ్వాసమ్మ దూదితో పూయాలి. ఒకటి గట్టి మందు, రెండోది కొంచెం పలచన మందు, రోగిని బట్టి అని డాక్టరు ఆమెకు చెప్పాడు.

భీమక్క అందరికంటే ముందు వచ్చింది. వరసలో మొదటిది ఆమే. ఆమె వెనక బొజ్జన్న. ఎర్రగుంట్ల దగ్గర బండల గనిలో పనిచేసేవాడు, కుడిచేతి మీద పుండు.

“అమ్మా, నాకు రైలుండాది. డోన్‌లో మారాల. కొంచెం ముందు పోనిస్తావా?” అని అడిగాడు బొజ్జన్న.

భీమక్క మొగుడి వైపు చూసింది. ఆసుపత్రి మనిషి పెళ్లాం ముందు కూర్చుందని నలుగురూ అనుకుంటారని గిడ్డయ్యకు అప్పటికే బెరుకుగా ఉంది. “పోనీలే, ఆయప్పను పోనీ” అన్నాడు. ఆమె లేచి పక్కకు జరిగింది.

డాక్టరు బొజ్జన్నను చూసి “ఒకటి” అన్నాడు. భీమక్కను చూసి “రెండు” అన్నాడు.

ఆ తర్వాత వారానికి మూడు రోజులు, పొద్దున తొమ్మిది నుంచి పదిన్నర దాకా, ఎర్రరంగు పూసిన పుండ్లను ఎండకు పెట్టి వాళ్లు వరండా మెట్ల మీద కూర్చునేవారు. బొజ్జన్న గని పని మానుకుని కర్నూలులో మేనమామ ఇంట్లో దిగాడు.

“ఏం భీమక్కా, వడియాలు ఎండబెట్టినట్టు కాలు ఎండబెట్టినావే?”

“నువ్వు చెయ్యి ఎండబెట్టలేదా? కాకులొస్తాయి, చూసుకో.”

“నా చెయ్యి కాకి కూడా ముట్టదులే. బండలు కొట్టి కొట్టి బండే అయింది.”

“నీ నోరు మాత్రం మెత్తగనే ఉండాదే.”

ఏప్రిల్ చివరికి బొజ్జన్న పుండు ఎండి, చుట్టూ కొత్త చర్మం వచ్చింది. ఎండలో చెయ్యి పెడితే చురుక్కుమని మంట పుడుతోందని గోల చేసేవాడు. భీమక్కకు ఏ మంటా లేదు. ఆమె పుండు అరచేయంత అయింది. రాత్రిళ్లు ఎముకలో పోటు. గిడ్డయ్య అడిగితే డాక్టరు, “మానబోయే ముందు పుండు కోపం చేస్తుంది. కొన్నాళ్లు ఓపిక పట్టు” అన్నాడు. విశ్వాసమ్మ రెండుసార్లు మద్రాసు మాట ఎత్తింది. రెండోసారి గిడ్డయ్య ఆమెను కసురుకున్నాడు.

“నీకు తెల్దు సిస్టరమ్మా. లోపల కణం చస్తాంటే పైన పుండు రేగుతాది.”

“నువ్వు చూసినావా, చస్తాండేది?”

చూడలేదు. ఎలుకల్లో చూశాడు.

జూన్ మొదటి వారంలో ఒక ఆదివారం. భీమక్క పెరట్లో ఇత్తడి బిందె తోముతోంది. చింతపండు పిసికిన నీళ్లు పక్కన చట్టిలో ఉన్నాయి. కాలికి కట్టిన పాతగుడ్డ ఊడి, ఒక కొస ఆ చట్టిలో పడింది. తీసి పిండి తీగ మీద ఆరేసింది. ఎర్రమరకలున్న గుడ్డలో తడిసిన భాగమంతా పచ్చగా తిరిగి ఉంది.

“ఇట్లా రా” అని మొగుణ్ణి పిలిచింది. “చూడు. ఇది పసుపు గదా? పులుపు తగిలితే పచ్చగయింది. నాకు పూస్తాండేది దిష్టినీళ్లా?”

గిడ్డయ్య గుడ్డ పట్టుకుని చూశాడు. రెండేళ్లుగా ఆయన గోళ్ల సందుల్లో ఉన్న ఇయోసిన్ ఎన్ని చింతపండు పులుసులు కలుపుకు తిన్నా పచ్చబడలేదు. ఆ ఎరుపు ఎక్కడిదో, అందులో సున్నం తేట ఎన్నిసార్లు మార్చారో ఆయనకు తెలుసు. చెప్పులు కూడా తొడుక్కోకుండా ఆసుపత్రికి నడిచాడు. బీరువా తెరిచి, రెండు సీసాల్లోంచీ చెరి రెండు చుక్కలు తెల్లపింగాణీ పళ్లెంలో వేసి, వాటి మీద నిమ్మకాయ పిండాడు. ఒకటో సీసాది పసుపు కాలేదు. రెండో సీసాది పచ్చి పసుపు అయింది.

డాక్టరు పక్క గదిలోనే రాసుకుంటున్నాడు. గిడ్డయ్య పళ్లెం తీసుకెళ్లి ఆయన కాగితాల మీద పెట్టాడు.

“ఎలుకలకంటిరే సార్.”

ఓబుళరెడ్డి పళ్లెం చూశాడు. లేచి తలుపు మూశాడు.

“కూర్చో.”

“రంగు చూసి నమ్మేది ఎలుక కాదు సార్. మనిషి. నాకు ఆ పొద్దే తట్టాల్సింది. తట్టలేదు.”

“జోడీ లేకుండా రుజువు లేదు గిడ్డయ్యా. అది నీకు నేను చెప్పనక్కరలేదు. మందు పూశారని తెలిస్తే సగం మంది ఆ ధైర్యంతోనే బాగుపడ్డామంటారు. పూయలేదని తెలిస్తే రేపటి నుంచి రారు. అందుకే రెండూ ఒకేలా ఉండాలి.”

“నా పెండ్లాన్ని రెండులో ఎందుకేసినారు?”

“నేను వేయలేదు. వచ్చిన వరస. మొదట కూర్చున్నవాడికి ఒకటి, తర్వాత కూర్చున్నవాడికి రెండు. మళ్లీ ఒకటి, మళ్లీ రెండు. ఎవరినీ నేను ఎంచలేదు. నీకు చెప్పి ఉంటే నువ్వు ఆమెను ఒకటిలో కూర్చోబెట్టేవాడివి. అప్పుడు అది పరిశోధన ఎట్లా అవుతుంది?”

గిడ్డయ్యకు బొజ్జన్న రైలు గుర్తొచ్చింది.

“ఒకటి పూసినా ఆమెకు మానేదని చెప్పలేను. ఆమెది లోతుగా పోయిన పుండు. బొజ్జన్నది పైపైది” అన్నాడు డాక్టరు. ఓదార్పుకే అన్నాడేమో.

“అది తెలిసీ మద్రాసు వద్దంటిరే.”

డాక్టరు పళ్లెం పక్కకు జరిపాడు. “ఎలుకల దగ్గర నువ్వు ఇట్లా అడగలేదు” అన్నాడు.

“ఎలుకకు మద్రాసు లేదు సార్.”

ఇంటికి వచ్చి భీమక్కకు చెప్పాడు. రెండు సీసాల సంగతి, వరస సంగతి, దిష్టినీళ్లు కలిపింది తానేనన్న సంగతి. ముత్యాల సంగతి మాత్రం చెప్పలేకపోయాడు. ఆమె విని కాలు వైపు చూసుకుంది. అప్పటికే గజ్జల్లో ఉసిరికాయంత బిళ్ళ లేచి ఉంది.

“నువ్వు ఎలుకలకనుకొని కలిపినావు. అట్లేగదా?”

“అట్లే.”

“సరే అయితే. పా, మద్రాసుకు పోదాం” అంది. అంతకంటే ఒక్క మాట అనలేదు. గిడ్డయ్య ఆ రాత్రి ఏడ్చాడని విశ్వాసమ్మ చెప్పింది. ఆయన మీద కోపగించకుండా మూట కట్టుకున్న మనిషిని చూసి.

విశ్వాసమ్మ చెల్లెలికి ఉత్తరం రాసిచ్చింది. గుత్తిలో మద్రాసు మెయిలు ఎక్కారు. అక్కడి సర్జను ఒక ముసలాయన, తమిళుడు, తెలుగు బాగా వచ్చు. పుండు చూశాడు, గజ్జలు నొక్కి చూశాడు.

“ఎన్నాళ్లయింది? ముక్క తీసి పరీక్ష చేశారా?”

“ఫిబ్రవరిలో చేసినారు సార్” అన్నాడు గిడ్డయ్య.

“ఏమని వచ్చింది?”

గిడ్డయ్య నేల చూశాడు. సర్జను మళ్లీ అడిగాడు.

“ముత్యాలున్నాయి సార్.”

“ఎవరు చెప్పారు నీకు?”

“పొర కోసింది నేనే సార్. చూసింది నేనే.”

భీమక్క బల్ల మీద పడుకుని ఉంది. ముత్యాలంటే ఏమిటని సర్జనునే అడిగింది. ఆయన దాచకుండా చెప్పాడు. అప్పుడామె తల తిప్పి మొగుణ్ణి చూసింది. ఆపరేషను గదిలోకి తీసుకుపోయేదాకా ఆ చూపు తిప్పలేదట.

కాలు మోకాలి పైకి తీశారు. గజ్జల్లో బిళ్ళలు కూడా తీశారు. నాలుగు నెలల ముందు వచ్చి ఉంటే అరచేయంత కండతో పోయేదని సర్జను అన్నాడు. ఇంకా ఎన్నేళ్లు బతుకుతుందో చెప్పలేనన్నాడు.

తిరిగి వచ్చాక భీమక్క గిడ్డయ్యతో మాట్లాడలేదు. చంకకర్రలు పట్టుకుని తనంతట తానే పెరట్లోకి పోయేది. కూర్చుని జొన్నలు విసిరేది. అన్నం పెట్టేది. ఏదైనా కావాలంటే గోడకు చెప్పినట్టు చెప్పేది. గిడ్డయ్య ఆసుపత్రికి పోవడం మానేశాడు. కత్తులు కత్తెరలు నూరి ఇస్తూ ఇంటి ముందు కూర్చునేవాడు. మైనం యంత్రపు కత్తి మొద్దుబారిందని డాక్టరు మనిషిని పంపితే, “రాయి ఉండాది, తోలు ఉండాది. ఆయప్పనే నూరుకోమను” అని పంపేశాడు.

కార్తీకమాసంలో విశ్వాసమ్మ వచ్చింది. చేతిలో ఒక కాగితం. కూర్చోమన్నా కూర్చోలేదు. ఆ నాలుగు నెలలూ రెండో సీసాలోది పూసిన చెయ్యి ఆమెదే. భీమక్క ముఖం చూడలేకపోయింది.

సంగతి ఇది. మద్రాసు సర్జను ఆసుపత్రి ధర్మకర్తలకు జాబు రాశాడు. ఫిబ్రవరిలోనే రోగం తేలిన ఆడమనిషిని జూన్ దాకా ఎందుకు ఉంచుకున్నారని అడిగాడు. ధర్మకర్తలు ఓబుళరెడ్డిని అడిగారు. రోగి ఇష్టపడే ఉందని ఆయన చెప్పాడు. అయితే ఆ మాట రోగి చేత రాయించి తెమ్మన్నారు. డాక్టరు కాగితం తయారుచేసి, వేలిముద్ర వేయించుకు రమ్మని విశ్వాసమ్మకు చెప్పాడు.

“నేను తేనంటిని. ఇంకొకరిని పంపుతాండారు. పరాయోళ్లు వచ్చి ఏమేం చెప్పి వేలిముద్ర ఏయించుకుంటారోనని నేనే వచ్చినా. నువ్వు ఏయకున్నా నాకు సంతోషమే” అంది విశ్వాసమ్మ.

భీమక్క తిరగలి ఆపింది. ఐదు నెలల్లో మొదటిసారి మొగుడి వైపు తిరిగి మాట్లాడింది.

“చదువు.”

గిడ్డయ్య కూడబలుక్కుని చదివాడు. భీమక్క అను నేను, నా రోగము ఏమిటో, చేయబోవు వైద్యము ఏమిటో పూర్తిగా తెలిసికొని, నా ఇష్టపూర్తిగా సమ్మతించి…

“చాలు” అంది భీమక్క. “ఎనకాల ఖాళీ ఉండాదా?”

“ఉండాది.”

“పెన్సిలు తెచ్చుకో. నేను చెప్పేది రాయి.”

ఆయన పెన్సిలు తెచ్చుకుని తిరగలి మీద కాగితం పరుచుకున్నాడు.

“నా పేరు భీమక్క. నాకు రాచపుండని నాకెవురూ చెప్పలేదు. మందు అని చెప్పి నాకు పసుపు సున్నం నీళ్లు పూసినారు. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా పూసినారు. రాసినావా? నన్నడిగుంటే నేను మద్రాసుకు పోయుందును.”

“రాసినా.”

“ఆ నీళ్లు కలిపింది నా మొగుడు. ఆయనకు ఎలుకలకని చెప్పినారు.”

పెన్సిలు కదిలింది. విశ్వాసమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

“నా పుండు ముక్కను ఆసుపత్రి అద్దంలో చూసింది కూడా నా మొగుడే. అది రాచపుండని ఆయనకు ఆ పొద్దే తెలుసు. ఇంటికొచ్చి నాకు మొండిపుండని చెప్పినాడు.”

పెన్సిలు ఆగింది.

“డాక్టరు నాకెవురు? ఊరుగాని ఊరోడు. ఆయప్ప మీద నాకు ఏం నమ్మకముండాది, పోయిందనేకి? రాయి.”

“నీ భయం చూడలేక…”

“నా భయం నాది గదా. నా కాలు నాది గదా. రాయి.”

ఆయన రాశాడు. ఎంతసేపు పట్టిందో విశ్వాసమ్మకు గుర్తులేదు. రాశాక చదవమంది భీమక్క. కడపటి రెండు వాక్యాల దగ్గర గిడ్డయ్య వినీ వినపడకుండా చదివాడు.

“గట్టిగా చదువు. సిస్టరమ్మకు ఇనపల్లేదు.”

మళ్లీ చదివాడు. విశ్వాసమ్మ తెచ్చిన సిరా డబ్బీలో బొటనవేలు అద్ది, భీమక్క కాగితం అడుగున గట్టిగా నొక్కింది. వేలిముద్ర కింద జాగా చూపించింది.

“నీ సంతకం కూడా పెట్టు.”

గిడ్డయ్య ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె చూపు కాగితం మీదే ఉంది. ఆయన తన పేరు రాశాడు. విశ్వాసమ్మ కాగితం మడిచి తీసుకుని వెళ్లింది. భీమక్క తిరగలి పిడి పట్టుకుంది.

“జొన్నలు పొయ్యి” అంది ఆయనతో. ఆయన చాట దగ్గరికి లాక్కుని, గుప్పెడు గుప్పెడుగా పోస్తూ కూర్చున్నాడు.